మూడు ఆదివారాల చాటింపు

నా పెళ్ళి కబురు నేను మొదట విన్నది చర్చిలో, నూట ఇరవై మంది ఆడపిల్లల మధ్య కూర్చుని.

అక్టోబరు నెల. ఆదివారం పూజ ముగియబోతుండగా ఫాదర్ పౌలో కళ్ళజోడు పైకి తోసుకుని పెళ్ళి చాటింపు కాగితం తీశారు. "మన చర్చి విచారణకు చెందిన ఫిలిపో తవిత, ఫలేసినా ఊరికి చెందిన కొలోటిటా సెమిసి, వీరిద్దరూ వివాహమాడ నిశ్చయించుకున్నారు. అడ్డంకి ఎరిగినవారు ఎవరైనా ఉంటే నాకు తెలియజేయవలెను. ఇది మొదటి చాటింపు" అని చదివారు.

ఎడమవైపు వరుసలన్నీ సెయింట్ ఫిలోమెనా బాలికల హైస్కూలు హాస్టలు పిల్లలవి. ఆ వరుసల్లోని తలలన్నీ నావైపు తిరిగాయి. బడిలో నా పేరు కొలోటిటా సెమిసి. ఊరు ఫలేసినా.

నా పక్కన కూర్చున్న పెలె మోచేత్తో పొడిచింది. హాస్టల్లో నా పక్క మంచం దానిదే. చదువులో నా తర్వాతి స్థానమూ దానిదే.

"ఏమే, చెప్పనేలేదు. పందుల్ని ఎప్పుడు కోస్తున్నారు?"

"నోర్ముయ్."

"టైర్ల కొట్టు ఫిలిపోయేనా? వాడి చెవులు చూశావా ఎప్పుడైనా? గాలొస్తే వాడు ఆపియా నుంచి మీ ఊరికి బస్సు లేకుండా వచ్చేస్తాడు."

ముందు వరుస పిల్లలు నోళ్ళకు పాటల పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. నేను సిలువ వైపే చూస్తూ కూర్చున్నాను.

బయట మెట్ల దగ్గర సిస్టర్ మకలీతా నిలబడి ఉన్నారు. ఆవిడ మా హెడ్మిస్ట్రెస్. పెళ్ళి కుదిరిన పిల్ల హాస్టల్లో ఉండకూడదన్నది బడి నియమం. ఆ నియమం కింద వెళ్ళిపోయినవాళ్ళను నా కళ్ళతో చూశాను.

"ఏమ్మా, నాకు చెప్పవలసిందేమైనా ఉందా?"

"మా ఊళ్ళో ఇంకొక కొలోటిటా ఉంది సిస్టర్. మా పెద్దమ్మ కూతురు."

"తండ్రి పేరు కూడా ఒకటేనా?"

"సెమిసి మా పెదనాన్న. ఇంటిపెద్ద. ఆ ఇంట్లో పెరిగినవాళ్ళందరం ఆయన పేరే పెట్టుకుంటాం."

"మీ ఇంట్లో పేర్లకి అంత కరువొచ్చిందా?" అని ఆవిడ నవ్వి, "సరే, పో. వచ్చే నెల బహుమతుల రోజు మీ అమ్మమ్మ వస్తుందిగా, ఆవిణ్ణే అడుగుతాను" అన్నారు.

నేను చెప్పినదాంట్లో 'ఇంకొక' అన్న మాట ఒక్కటే అబద్ధం. ఊళ్ళో ఉన్నది ఒకే కొలోటిటా. నా పేరు ఫెతువావో.

మా అమ్మ సునామీలో పోయింది. నాన్న మెథడిస్టు. మరో దీవిలో వాళ్ళ గుడిలోనే నాకు జ్ఞానస్నానం ఇప్పించి, తర్వాత ఎటో వెళ్ళిపోయాడు. నన్ను పెంచింది అమ్మమ్మ. అల వచ్చిన రోజు ఆవిడ బిస్కెట్ల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని కొండెక్కింది. చర్చి రిజిస్టరుతో సహా ఊరి కాగితాలన్నీ సముద్రంలో కలిసిపోయాయి గాని ఆ డబ్బాలో కొలోటిటా అక్క జ్ఞానస్నానపు పత్రం మిగిలింది. రెండేళ్ళకు నన్ను ఆపియా పట్నంలో సిస్టర్లు నడిపే ఈ అమ్మగార్ల బడికి పంపాలన్నప్పుడు వాళ్ళు జ్ఞానస్నానపు పత్రం తెమ్మన్నారు. నాకు లేదు; మెథడిస్టు గుడిలోది ఇక్కడ చెల్లదనుకున్నారు మావాళ్ళు. అక్కకు ఉంది, కాని అక్క అప్పటికే చదువు మానేసి చాపలు అల్లుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ వలయంగా కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్మమ్మ మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. "దీనికి చదువుంది, కాగితం లేదు. దానికి కాగితముంది, చదువక్కర్లేదు. ఇంకేం కావాలి?"

ఆవిడకు అది మోసం అనిపించలేదు. మా పెదనాన్న మోస్తున్న మతాయి అనే ఇంటిపెద్దరికపు బిరుదు ఆయనకు ముందు మా తాతది, తాతకు ముందు తాత అన్నది. మనిషి పోతాడు, పేరు ఉంటుంది. ఇల్లంతా కూర్చుని ఎవరికిస్తే పేరు వాళ్ళది. ఊరిపెద్దల్లో సగం మంది చచ్చిపోయినవాళ్ళ పేర్లతోనే బతుకుతున్నారు. జ్ఞానస్నానపు పేరు కూడా అలాంటి ఇంటి సొత్తే అనుకుంది అమ్మమ్మ. కాగితం లేని పిల్లను తీసుకుంటారా అని అమ్మగార్లను ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడిగాక కాదంటే అది ఇంటిల్లిపాదికీ అవమానం. అందుకని అడగలేదు.

చేరిన మొదటి నెలలోనే పెలె మెథడిస్టు అని తెలిసింది. అలాంటివాళ్ళు బడిలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ గుడి కాగితం చూపించి చేరారు, అంతే. అప్పటికే నా పుస్తకాలన్నిటి మీద అక్క పేరు నా చేతిరాతతో ఉంది. క్రిస్మస్ సెలవుల్లో అమ్మమ్మకు చెప్పాను. "ఇప్పుడు చెబితే దొంగలమవుతాం" అంది.

అలా ఐదేళ్ళు. హాజరు పిలిచినప్పుడల్లా పలికాను. బిషప్పుగారు నా నుదుట నూనె రాసి అక్క పేరుతో భద్రమైన అభ్యంగనం ఇచ్చారు. నెలకొక శుక్రవారం పాపసంకీర్తనానికి వెళ్ళి అబద్ధమాడాను ఫాదర్ అనేదాన్ని. ఎన్నిసార్లు అని అడిగేవారు. నాలుగైదు సార్లు అనేదాన్ని. ఆ లెక్క చెప్పడమే ఇంకో అబద్ధం.

అయినా చదివాను. పొద్దున్నే గంట కొడితే లేచి, కత్తితో గడ్డి కోసి, జపమాల చెప్పుకుని, నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి లెక్కలు చేసుకునేదాన్ని. పదకొండో తరగతి దాటినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఆఖరి ఏడైన పదమూడులో లెక్కల్లో, జీవశాస్త్రంలో, ఉపన్యాసాల పోటీలో నేనే మొదట వచ్చాను. సెప్టెంబరులో సిస్టర్ పిలిచి, బడి మొత్తానికి ఈ ఏడు మొదటి పేరు నీదేనమ్మా అన్నారు. నవంబరులో బహుమతుల రోజు వేదిక మీద చదువుతారు. హాల్లో చెక్కపలక మీద బంగారు రంగుతో రాయిస్తారు. టీచరు చదువుకు యూనివర్సిటీ ఇచ్చే సీటు దానితోపాటే వస్తుంది. నోటితో అన్నది గాలికి పోతుంది. చెక్క మీద రాసింది పోదు.

రెండో ఆదివారం ఫాదర్ పౌలో మళ్ళీ చదివారు. ఈసారి పిల్లలు తిరగలేదు, దగ్గారు. అందరూ ఒకేసారి.

ఆ మధ్యాహ్నం చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొలోటిటా అక్క ఉంది. కొబ్బరాకు బుట్టలో సీమపనస ముక్కలు, కొబ్బరిపాలు పోసి కట్టిన చామాకు పొట్లాలు తెచ్చింది. ప్రహరీ పక్కన నీడలో చాప పరిచి కూర్చున్నాం. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని "చెల్లీ" అని పిలిచింది.

"నేను బాగా చదువుతున్నానంటగా. మా పాత మాస్టారికి చెబితే గుండాగి పోతాడు."

నాకు నవ్వు రాలేదు. "ఫిలిపోని ఎప్పుడు చూశావక్కా?"

"వాడే చూశాడు. బస్సు టైరు పేలి మా ఊరి మలుపులో ఆగింది. బాగుచెయ్యడానికొచ్చి నాలుగు గంటలు చేశాడు. గంట పని." పొట్లం విప్పి నా ముందు పెట్టింది. "తిను. ఇదిగో, సంగతేంటంటే, ఫాదరు కాగితం అడుగుతున్నాడు. జ్ఞానస్నానం కాగితం లేకపోతే పెళ్ళి చెయ్యనన్నాడు. ఊళ్ళో రిజిస్టరు లేదుగా. ఉన్న ఒక్కటీ మీ ఆఫీసులో ఉంది."

"అమ్మమ్మ ఏమంది?"

"డిసెంబరు దాకా ఆగమంది. చెల్లి పరీక్ష అయ్యాక పేరు తిరిగొస్తుంది, అప్పుడు చేసుకో అంది. పేరేమన్నా గొడుగటే, అరువిచ్చి తెచ్చుకోడానికి? ఫిలిపో నవంబరు పదికి న్యూజీలాండు పోతున్నాడు, ఆపిల్ తోటలకి. ఏడు నెలలు. పోయినేడు మా వీధి నుంచి ఇద్దరు పోయారు. ఒకడు అక్కడే ఎవర్నో చేసుకున్నాడు. రెండోవాడి నుంచి ఉత్తరం కూడా లేదు."

"డిసెంబరులో నాకు తిరిగిచ్చేది ఏముందక్కా? సీటు ఆ పేరు మీదే వస్తుంది. ఉద్యోగం కూడా."

"అదే నేనూ అన్నా. అమ్మమ్మ చెవిటిదైపోయింది." కాసేపు గడ్డి పీకుతూ కూర్చుంది. "నిన్నేం అడగట్లేదు. ఎందుకు ఆలస్యమవుతుందో నీకు తెలియాలిగా, చెప్పిపోదామని వచ్చా."

లేచి నడుముకు చుట్టుకున్న లావాలావా దులుపుకుంటూ మామూలుగా ఇంకో మాట అంది. "నాకూ బహుమతి వచ్చిందే ఈ ఏడు. మహిళా సంఘం వాళ్ళు అన్ని ఊళ్ళకీ కలిపి చాపల పోటీ పెట్టారు. నా చాప మొదటొచ్చింది. దొడ్డ చాప, వేలి ఉంగరంలోంచి లాగొచ్చు, అంత మెత్తన."

"మరి చెప్పలేదేం?"

"అమ్మ పేరు మీద తీసుకున్నాంగా. పేపర్లో వేస్తారు, ఆ పేరు రెండు చోట్ల కనపడకూడదంది అమ్మమ్మ. ఓటు కూడా రాయించుకోలేదు. ఐదేళ్ళ నుంచి నేను ఎక్కడా సంతకం పెట్టలేదు తెలుసా? చెయ్యి మర్చిపోయుంటుంది."

నవ్వుతూనే అంది. బుట్ట తీసుకుని గేటు వైపు వెళ్ళిపోయింది. ఈ బడిలో ఇరుక్కున్నది నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను ఐదేళ్ళు. ఊళ్ళో ఆరుబయట ఇంకొకరు ఇరుక్కుని ఉన్నారని నాకు తట్టనే లేదు.

మర్నాడు రెండో గంట తర్వాత ఆఫీసు గదికి వెళ్ళాను. సిస్టర్ మకలీతా బహుమతుల రోజు పిలుపు కాగితాలు మడుస్తున్నారు. పెద్దవాళ్ళ ముందు నిలబడి మాట్లాడకూడదు కనుక చాప మీద కూర్చున్నాను. చెప్పాను. చెప్పడానికి పెద్దసేపు పట్టలేదు. ఐదేళ్ళు దాచింది నాలుగు మాటల్లో అయిపోయింది.

ఆవిడ మడత పెట్టడం ఆపలేదు. ఒక కాగితం రెండుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు.

"నీ పేరు?"

"ఫెతువావో. తండ్రి పేరు ఇయోనె."

"జ్ఞానస్నానం?"

"మెథడిస్టు గుడిలో, సిస్టర్."

"అది చెల్లుతుంది. ఎవరైనా ఒక్కరు వచ్చి నన్ను అడిగి ఉంటే..." అని ఆగారు. "అడగరు. మీ అమ్మమ్మ లాంటి ఆవిడే మా అమ్మ కూడా."

బీరువా తీసి నా ఫైలు బయటికి తీశారు. అందులో అన్నిటికంటే అడుగున అక్క పత్రం. తడిసి ఆరిన అంచులు. దాన్ని బల్ల మీద పెట్టి అరచేయి ఆనించారు.

"పరీక్షకి పేర్లు జూలైలోనే వెళ్ళిపోయాయి. కొలోటిటా సెమిసి రాయాలి, లేకపోతే ఎవరూ రాయకూడదు. ఇప్పుడు మార్చమంటే బోర్డువాళ్ళు ఎందుకు అని అడుగుతారు. అడిగితే పదకొండులో, పన్నెండులో నువ్వు రాసినవి కూడా రద్దు చేస్తారు. ఇక్కడ ఇంకో దారి ఉంది. ఈ కాగితం మీ అక్కకిచ్చేసి నేను నోరు మూసుకోవచ్చు. నీకు బహుమతి వస్తుంది. సీటు వస్తుంది. నేను దేవుడికి సమాధానం చెప్పుకుంటాను. ముసలిదాన్ని, చెప్పుకోవలసినవి ఎలాగూ చాలా ఉన్నాయి."

"తర్వాత, సిస్టర్?"

"తర్వాత నువ్వు చచ్చేదాకా కొలోటిటావే. మీ అక్క కూడా కొలోటిటాయే. ఎవరి కాగితం ఎవరు ఎప్పుడు అడుగుతారో అని ఇద్దరూ చూసుకుంటూ బతకాలి. జపమాల వేళకి వచ్చి చెప్పు."

ఆ రోజు నా వంతు వెనక ప్రహరీ పక్కన గడ్డి కోయడం. కత్తి తీసుకుని వంగి మూల దాకా కోసుకుంటూ పోయాను. మూలలో రెండు గోడలు కలిసే చోట ఇక కోయడానికి గడ్డి లేదు. అయినా అక్కడే వంగి ఉండిపోయాను. మనసులో వేదిక మీదికి ఎక్కి చూశాను. పేరు చదువుతారు, చప్పట్లు కొడతారు, మా ఇంటివాళ్ళు చాక్లెట్ల దండలు పట్టుకుని నాట్యం చేస్తూ ముందుకొస్తారు. వాళ్ళ మధ్యలో అక్క కూడా ఉంటుంది. తన పేరుకు తానే చప్పట్లు కొడుతూ. ఎన్నిసార్లు ఎక్కినా అక్కడ అక్క కనపడకుండా చూడలేకపోయాను.

జపమాలకు ముందు వెళ్ళి చెప్పాను. "కాగితం అక్కకిచ్చెయ్యండి సిస్టర్. పేరు కూడా."

"అయితే కొలోటిటా పెళ్ళికని బడి మానేసింది, నువ్వు ఈ బడిలో ఎప్పుడూ చదవలేదు. అర్థమైందా?"

"అయింది."

"మొదటి బహుమతి పెలెకి వెళ్తుంది. దానికి నువ్వు ఏమీ చెప్పకూడదు. దాని సంతోషం చెడగొట్టకు."

మంగళవారం పొద్దున పెట్టె సర్దుకుంటుంటే పెలె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "అయితే నిజంగానే పెళ్ళా? అబద్ధం చెప్పావు కదే నాతో" అంది. ఈసారి ఆటపట్టించడం లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అబద్ధం చెప్పానే అన్నాను. అంతకుమించి నిజం దానికి చెప్పే వీలు లేదు.

ఊళ్ళో బస్సు దిగేసరికి అమ్మమ్మ అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని చాక్లెట్లు దారానికి గుచ్చుతోంది. బహుమతుల రోజుకు. నన్ను చూసి చెయ్యి ఆపింది. కాగితం అక్క చేతికిచ్చి, అమ్మమ్మ ముందు కూర్చుని సంగతి చెప్పాను. పక్కనున్న ఆడవాళ్ళు నెమ్మదిగా లేచి వెళ్ళిపోయారు.

"ఎవరినడిగి ఇచ్చావు?"

"ఎవరినీ అడగలేదు."

"అది ఇల్లంతా కూర్చుని నీకిచ్చింది. నువ్వొక్కదానివి ఎలా తీసేస్తావు?"

"అది బిరుదు కాదు అమ్మమ్మా. అక్క పేరు."

అమ్మమ్మ మిగిలిన చాక్లెట్లు గుచ్చడం మొదలుపెట్టింది. రాత్రి భోజనాల దగ్గర గాని, తర్వాత వారమంతా గాని నాతో మాట్లాడలేదు.

మూడో చాటింపు నేను వెనక వరుసలో అక్క పక్కన కూర్చుని విన్నాను. ఎడమవైపు పిల్లల తలలు మళ్ళీ నా పాత చోటు వైపు తిరిగాయి. అక్కడ పెలె ఒక్కతే ఉంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఫాదర్ పౌలో అడ్డంకి సంగతి అడిగారు. ఎవరూ లేవలేదు. నవంబరు ఏడున పెళ్ళయింది. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు అక్క రెండు అక్షరాలు రాసి ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

బహుమతుల రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. రేడియోలో పెలె పేరు చదివారు.

జనవరి చివర్లో బడి తెరిచే రోజు తెల్లవారుతుండగా అమ్మమ్మ నన్ను లేపింది. పెట్టెలోంచి, పెళ్ళిళ్ళకూ చావులకూ మాత్రమే బయటపెట్టే ఇంటి దొడ్డ చాప తీసి, మడిచి చంకన పెట్టుకుని, నాతో మొదటి బస్సెక్కింది. ఎందుకో నాకు అర్థమైంది. తప్పు చేసిన ఇల్లు నష్టపోయినవాళ్ళ ఇంటి ముందు, వాళ్ళు వచ్చి చాప ఎత్తి క్షమించేదాకా, చాప కప్పుకుని కూర్చోవడం మాలో హత్యలకూ, ప్రమాదాలకూ చూశాను. బడి ముందు చూడలేదు.

గేటు లోపల కంకర మీద అమ్మమ్మ కూర్చుని తల మీదుగా చాప కప్పుకుంది. నేను వెనక కూర్చున్నాను. పిల్లలు వస్తున్నారు. మమ్మల్ని దాటేటప్పుడు వంగి, మాటలు ఆపి, పక్కగా పోతున్నారు. ఎండ ఎక్కింది. మొదటి గంట అయింది, రెండో గంట అయింది. చాప కింద అమ్మమ్మ దగ్గు వినపడుతోంది. సిస్టర్ మకలీతా కిటికీలోంచి చూసి తెర వేసేశారు. ఈ ముసలావిణ్ణి నా వల్ల ఇక్కడ ఎండలో చంపుకుంటానా అనుకున్నాను. లేపడానికి లేదు. లేచి పోవడానికీ లేదు.

మూడో గంటకు సిస్టర్ వచ్చి చాప ఎత్తారు.

"లోపలికి రండమ్మా. వడదెబ్బ తగిలితే మళ్ళీ నేను మీ ఊరొచ్చి కూర్చోవాలి."

ఆఫీసులో కొత్త దరఖాస్తు తీశారు. పేరు రాశారు. మతం అడిగారు. నేను నోరు తెరిచేలోపు అమ్మమ్మ "మెథడిస్టు" అంది, పక్కింటి కోడిని తీసుకున్నానని ఒప్పుకున్నట్టు.

"పదకొండో తరగతిలో చేర్చుకుంటాను. పరీక్షలన్నీ మళ్ళీ రాయాలి. మూడేళ్ళు" అన్నారు సిస్టర్. నేను తలూపాను. నాకప్పటికి పద్దెనిమిది నిండాయి.

"ముందు చదివిన బడి?"

"లేదు సిస్టర్" అన్నాను.

కలం కాగితం మీదికి వెళ్ళింది. అమ్మమ్మ చెయ్యి చాచి ఆ కలం పట్టుకుంది.

"ఇక్కడే చదివింది. ఐదేళ్ళు. మొదటొచ్చింది."

"తెలుసమ్మా. రాయడానికి లేదు."

"నేను చెప్పిన అబద్ధం ఐదేళ్ళు రాసుకున్నారు. ఈ ఒక్క నిజం రాయలేరా?"

సిస్టర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అమ్మమ్మ కలం వదల్లేదు. ఇద్దరు ముసలివాళ్ళూ అలాగే ఒకే కలం పట్టుకుని కూర్చున్నారు. బయట గంట కొట్టారు. పదకొండో తరగతి పిల్లలు వరుసగా లోపలికి పోతున్నారు. ఎవరో ఒకరు చెయ్యి తీస్తే నేనూ వెళ్ళాలి.